పందెం కాసే ముందు ధర చదవండి

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఆదివారం సాయంత్రం పిల్లల క్లాసులు, ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

నార్త్ కరోలినాలో ఫోన్ మీద స్పోర్ట్స్ బెట్టింగ్ 2024 మార్చి 11న మొదలైంది. అప్పటి నుంచి ఎక్కడ కలిసినా నన్ను ఒకటే అడుగుతున్నారు: "అన్నా, నువ్వు ఏళ్ల తరబడి నాస్కార్ కార్ల రేసులు చూస్తున్నావు కదా, ఎవరి మీద పెట్టమంటావు?" ఈ రోజు ఆ ప్రశ్నని కొంచెం మార్చి అడుగుదామని వచ్చాను. ఎవరు గెలుస్తారు అని అడిగినప్పుడు మనలోని అభిమాని జవాబు చెబుతాడు. ఈ ధరకి ఇతన్ని కొనొచ్చా అని అడిగితే అప్పుడు లెక్క మొదలవుతుంది. కూరగాయల మార్కెట్‌లో వంకాయలు బాగున్నాయా అని చూసి ఊరుకోం కదా, కిలో ఎంతో కూడా అడుగుతాం.

మొదటిసారి వింటున్నవాళ్ల కోసం ఒక్క మాట. నాస్కార్‌లో నడిచేవి స్టాక్ కార్లు, అంటే పైకి మన పార్కింగ్‌లో కనిపించే కార్లలా ఉండే రేసు కార్లు. షెవ్రొలే కమారో, ఫోర్డ్ మస్టాంగ్, టయోటా కామ్రీ, ఈ మూడు రూపాల్లోనే ఉంటాయి. పై స్థాయి పోటీని కప్ సిరీస్ అంటారు. ఏడాదికి పాయింట్లు లెక్కించే రేసులు 36, ఒక్కో రేసులో 40 కార్ల దాకా ఉంటాయి. వీటిని తయారు చేసే టీములు చాలావరకు మన షార్లట్ చుట్టుపక్కలే ఉన్నాయి. హెండ్రిక్ వాళ్లది కాన్‌కర్డ్, జో గిబ్స్ వాళ్లది హంటర్స్‌విల్, పెన్స్కీ వాళ్లది మూర్స్‌విల్. మనం సరుకులకి వెళ్లే దారిలోనే వాళ్ల షాపులున్నాయి.

క్రికెట్ చూసి పెరిగినవాళ్లం కాబట్టి మనకి తెలియకుండానే ఒక పొరపాటు చేస్తాం. క్రికెట్‌లో ఉండేది రెండు జట్లు. బలమైన జట్టు మీద పెడితే సగానికి పైగా సార్లు డబ్బు వస్తుందని ఒక నమ్మకం. ఇక్కడ ఆ లెక్క నడవదు. 2021లో కైల్ లార్సన్ 36 రేసుల్లో 10 గెలిచి ఛాంపియన్ అయ్యాడు. ఈ మధ్య కాలంలో అంత గొప్ప సీజన్ అరుదు. అంతటివాడు కూడా ఆ ఏడాది 26 సార్లు గెలవలేదు. ఈ ఆటలో అందరికంటే మంచి డ్రైవర్ కూడా ఎక్కువసార్లు ఓడిపోతాడన్న సంగతి ఒంటబడితే మిగతావన్నీ తేలికవుతాయి.

ఇప్పుడు ధర చదవడం చూద్దాం. యాప్ తెరిస్తే పేరు పక్కన ప్లస్ 800 అనో, మైనస్ 150 అనో ఉంటుంది. ప్లస్ ఉంటే, వంద డాలర్లు పెడితే లాభం ఎంత వస్తుందో అది చెబుతుంది. ప్లస్ 800 మీద 10 డాలర్లు పెడితే, గెలిచినప్పుడు 80 లాభం, మన 10 వెనక్కి. మైనస్ ఉంటే, వంద లాభం రావాలంటే ఎంత పెట్టాలో చెబుతుంది. మైనస్ 150 అంటే 150 పెడితే 100 లాభం.

దీన్ని శాతంలోకి మార్చడం అలవాటు చేసుకోండి. ప్లస్ 800 అయితే 100ని 900తో భాగించండి, 11 శాతం వస్తుంది. ప్లస్ 400 అయితే 100ని 500తో భాగిస్తే 20 శాతం. అంటే ప్లస్ 400 ధరకి ఒక డ్రైవర్ని కొంటున్నారంటే, ఇలాంటి రేసు ఐదుసార్లు జరిగితే కనీసం ఒకసారి ఇతను గెలుస్తాడని మీరు నమ్ముతున్నట్టు. నిజంగా అంత నమ్మకం ఉందా? లేకపోతే ఆ బెట్ వదిలేయండి.

మన వైపు సంక్రాంతి పందేల దగ్గర పై పందేలు చూసినవాళ్లుంటారు. నువ్వు వెయ్యి, నేను వెయ్యి, గెలిచినవాడికి రెండు వేలు. ఇద్దరి మధ్య లెక్క సమానం. యాప్‌లో అలా ఉండదు, కంపెనీ తన వాటాని ధరలోనే కలిపేస్తుంది. ఇద్దరు డ్రైవర్లలో ఎవరు ముందు అనే బెట్‌కి రెండు వైపులా మైనస్ 115 ఉందనుకోండి. ఒక్కో వైపు 53.5 శాతం, రెండూ కలిపితే 107. వందకు పైనున్న ఆ ఏడే కంపెనీ వాటా. ఎవరు గెలుస్తారనే బెట్‌లో డ్రైవర్లందరి శాతాలూ ఒకసారి కూడి చూడండి. ఇంట్లో పిల్లలతో చేయించినా మంచి లెక్కే. వందని బాగా దాటిపోతుంది. కొత్తవాళ్లు ముందు చూసేది ఆ బెట్టే, కంపెనీ వాటా ఎక్కువగా ఉండేదీ అందులోనే. అందుకే మొదలుపెట్టేవాళ్లకి నేను ఇద్దరి మధ్య బెట్టే చూడమంటాను. దాన్ని మ్యాచప్ అంటారు. 40 మందిని అంచనా వేయక్కర్లేదు, ఇద్దరి గురించి ఆలోచిస్తే చాలు.

తర్వాత ట్రాక్. ఏ డ్రైవర్ అని ఆలోచించే ముందు ఏ ట్రాక్ అని అడగాలి. డేటోనా రెండున్నర మైళ్లు, మలుపుల్లో 31 డిగ్రీల వాలు. టాలడేగా ఇంకా పెద్దది, 2.66 మైళ్లు, 33 డిగ్రీలు. అక్కడ కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి, పక్కపక్కన, గుంపుగా నడుస్తాయి. ముందు కారు గాలిని చీలిస్తే వెనక కారుకి అది సాయం. దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు. అందరి వేగం దాదాపు ఒకటే అవుతుంది. ఒకరు కాస్త తడబడితే ఇరవై కార్లు ఒకేసారి గుద్దుకోవచ్చు. 2021 డేటోనా 500 రేసు చివరి ల్యాప్‌లో, అంటే చివరి చుట్టులో, ముందున్న ఇద్దరు, జోయీ లొగానో, బ్రాడ్ కెసలౌస్కీ, ఒకే టీము వాళ్లే, గుద్దుకున్నారు. వాళ్ల మధ్య నుంచి దూసుకొచ్చి మైఖేల్ మెక్‌డొవెల్ గెలిచాడు. అది అతని 358వ రేసు, మొదటి గెలుపు. ఇలాంటి చోట ఫేవరెట్‌ని, అంటే గెలుస్తాడని అందరూ అనుకునేవాణ్ని, తక్కువ లాభమిచ్చే ధరకి కొనడం తప్పని నా గట్టి అభిప్రాయం.

మార్టిన్స్‌విల్, బ్రిస్టల్ లాంటి అర మైలు ట్రాకుల లెక్క వేరు. బ్రేకులు, ఓపిక, ముందు వరసలో మొదలుపెట్టడం అక్కడ బాగా పనికొస్తాయి. కుడి, ఎడమ రెండు వైపులా తిరిగే రోడ్ కోర్సులు మళ్లీ వేరు. న్యూజీలాండ్ నుంచి వచ్చిన షేన్ వాన్ గిస్‌బర్గెన్ 2023లో చికాగో వీధుల్లో తన మొట్టమొదటి కప్ రేసే గెలిచాడు. 2025లో మెక్సికో సిటీ, చికాగో, సొనోమా, వాట్కిన్స్ గ్లెన్, మన షార్లట్‌లో రోవల్ అనే రోడ్ కోర్సు, ఈ ఐదూ గెలిచాడు. అదే ఏడాది ఓవల్ ట్రాకుల మీద, అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండేవాటి మీద, ఒక్క గెలుపూ లేదు. అంటే ట్రాక్ మారితే అతన్ని కొత్త డ్రైవర్‌గా చూడాలి. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. అతను రోడ్ కోర్సులో గొప్పవాడని అందరికీ తెలిసిపోయాక ధర పడిపోయింది, అంటే గెలిచినా వచ్చే లాభం తగ్గింది. నిజం తెలుసుకున్నంత మాత్రాన లాభం రాదు, ఆ నిజం ధరలోకి ఎక్కకముందే తెలియాలి.

ఇక మన ఇంటి ట్రాక్ సంగతి. 2025 మేలో కోకా కోలా 600కి నేను, మా ఆవిడ, మా అబ్బాయి వెళ్లాం. షార్లట్ ట్రాక్ ఒకటిన్నర మైలు, 400 ల్యాపులు, 600 మైళ్లు. సాయంత్రం ఎండలో మొదలై రాత్రి లైట్లలో ముగుస్తుంది. పులిహోర డబ్బా మూత తీసి ఒడిలో పెట్టుకుంటే కాసేపటికి అన్నం మీద నల్లటి నలుసులు. కరిగిన టైర్ల రబ్బరు ముక్కలు, గాలికి స్టాండ్స్ దాకా ఎగిరి వస్తాయి. మా అబ్బాయి ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని నలిపాడు, ఇంకా జిగురుగా ఉంది. అప్పుడు నాకు అర్థమైంది, ఈ ఆట సగం టైర్లదేనని. ఎండ తగ్గి ట్రాక్ చల్లబడే కొద్దీ పట్టు మారుతుంది. సాయంత్రం ఎండలో బాగా నడిచిన కారు రాత్రి పదింటికి అలాగే నడవాలని లేదు.

ఆ రోజు నేను 20 డాలర్లు విలియం బైరన్ మీద పెట్టాను. అతను 283 ల్యాపులు ముందున్నాడు. మొదటి మూడు స్టేజీలూ, అంటే రేసులో విడిగా లెక్కించే భాగాలు, అతనివే. మా వరసలో అందరం రేసు అయిపోయిందనే అనుకున్నాం. చివర్లో, ఇంకా ఆరు ల్యాపులుండగా, రాస్ చాస్టేన్ అతన్ని దాటి గెలిచాడు. చాస్టేన్ ముందు రోజు ప్రాక్టీసులో గోడని గుద్దుకున్నాడు, టీము రాత్రికి రాత్రి బ్యాకప్ కారు సిద్ధం చేసింది, 40వ స్థానం నుంచి మొదలుపెట్టాడు. నా 20 డాలర్లు పోయాయి. ఆ బెట్ తప్పని మాత్రం నేను ఇప్పటికీ అనుకోను. నేను కొన్న ధరకి బైరన్ గెలిచే అవకాశం న్యాయంగానే ఉంది. ఫలితం చూసి నిర్ణయాన్ని తూచడం మొదలుపెడితే ఏమీ నేర్చుకోలేం.

బైరన్‌ని ఎందుకు ఎంచుకున్నానంటే, ప్రాక్టీసులో వరసగా నడిపిన ల్యాపుల సగటు చూశాను. కొత్త టైర్లతో ఒక్క ల్యాప్ వేగంగా తిప్పడం చాలామందికి వచ్చు. ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్ పట్టికలో కనిపించేది అదే. టైర్లు అరిగాక కారు ఎంత నెమ్మదిస్తుందో చెప్పేది మాత్రం వరసగా పది, ఇరవై ల్యాపుల సగటు. ప్రాక్టీసు ఫలితాల్లో ఆ అంకెలు విడిగా ఇస్తారు. చూసేవాళ్లు తక్కువ. మీరు చూడండి.

ఇప్పుడు రూల్స్, దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. మనం ఇండియా ఫ్లైట్ ఎక్కే ఎయిర్‌పోర్టు ఉంది చూడండి, దాని దగ్గర్లోనే ఒకప్పుడు ముప్పావు మైలు మట్టి ట్రాక్ ఉండేది. 1949 జూన్ 19న ఇప్పటి కప్ సిరీస్‌కి మూలమైన మొట్టమొదటి రేసు అక్కడే జరిగింది. గ్లెన్ డనవే మూడు ల్యాపుల ఆధిక్యంతో ముగించాడు. తర్వాత కారు విప్పి చూస్తే వెనక స్ప్రింగుల్లో మార్పులు కనిపించాయి. దొంగసారా మోసే కార్లకి, సరుకు బరువుకి వెనక భాగం కుంగకుండా అలాంటివి చేసేవాళ్లు. అతన్ని అనర్హుడన్నారు, గెలుపు జిమ్ రోపర్‌కి వెళ్లింది. మొదట వచ్చినవాడే విజేత కానక్కర్లేదన్న పాఠం ఈ ఆటకి మొదటి రేసుతోనే ఉంది.

2022 జూలై 24న పొకోనో ట్రాక్‌లో అదే జరిగింది. డెనీ హామ్లిన్ మొదట వచ్చాడు, కైల్ బుష్ రెండో స్థానం. తనిఖీలో ఇద్దరి కార్ల ముందు భాగంలో అదనపు పొరలు దొరికాయి, ఇద్దరూ అనర్హులు. ఒక్క ల్యాప్ కూడా ముందుండని చేజ్ ఎలియట్ విజేత. మరి బెట్ డబ్బు ఎవరికి? అది మీ కంపెనీ రూల్ మీద ఆధారపడుతుంది. కొన్ని కంపెనీలు జెండా ఊపినప్పటి ఫలితానికి కడతాయి, కొన్ని తనిఖీ తర్వాతి అధికారిక ఫలితానికి. డబ్బు వేసే ముందే ఆ పేజీ చదవండి.

వానకీ ఇదే వర్తిస్తుంది. షార్లట్ లాంటి పెద్ద ఓవల్ మీద వాన పడితే రేసు ఆగుతుంది. సగం ల్యాపులు గానీ రెండో స్టేజీ గానీ, ఏది ముందైతే అది పూర్తయితే రేసు అధికారికం. 2024లో మన కోకా కోలా 600 వాన వల్ల 249 ల్యాపులకే ముగిసింది, క్రిస్టఫర్ బెల్ గెలిచాడు. ఆ రోజే లార్సన్ ఇండియానాపోలిస్‌లో ఇంకో రేసు ముగించుకుని వచ్చేసరికి ఇక్కడ రేసు ఆగిపోయింది. అతని కారు నడిపింది జస్టిన్ ఆల్‌గయర్. లార్సన్ ఒక్క ల్యాప్ కూడా తిప్పలేదు. అలాంటప్పుడు అతని మీద పెట్టిన బెట్ రద్దా, నష్టమా? దానికీ రూల్ పేజీయే దిక్కు.

డబ్బు గురించి సూటిగా చెబుతాను. దీంతో సంపాదిస్తానని ఎవరైనా అనుకుంటుంటే దయచేసి మొదలుపెట్టకండి. మా బంధువుల్లో ఒక కుర్రాడు ఊళ్లో క్రికెట్ యాప్‌లలో పడి, పోయింది రాబట్టుకుందామని ఇంకా ఇంకా పెట్టి, చివరికి వాళ్ల నాన్న అరెకరం అమ్మాల్సి వచ్చింది. ఆ ఫోన్ కాల్ నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పోయినదాన్ని రాబట్టాలనే ఆలోచన వచ్చిన క్షణమే ఆ రోజుకి ఆపేయాలి. యాప్ సెట్టింగుల్లో వారానికి ఇంత అని పరిమితి పెట్టుకునే వీలుంది. టెన్షన్ లేని రోజే, మొదటి బెట్‌కి ముందే, అది పెట్టేయండి. సినిమా టికెట్‌కి ఎంత ఖర్చు పెడతామో అంతకు మించి నేను ఏ రేసుకీ పెట్టను.

చట్టం విషయంలో మన పిల్లలకీ చెప్పండి, ఇక్కడ 21 నిండాలి. యూనివర్సిటీలో చదువుకునే తమ్ముళ్లు చాలామందికి అది నిండదు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ జూదం మీద నిషేధం ఉంది, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. అక్కడున్న బావమరిది అడిగాడని మీ అకౌంట్‌లో ఆయన తరఫున బెట్ పెట్టకండి. వేరేవాళ్ల కోసం పెట్టడం ఇక్కడి రూల్స్‌కి కూడా విరుద్ధం. గెలిచిన డబ్బుకి పన్ను ఉంది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 నుంచి పోయిన డబ్బులో 90 శాతం వరకే తగ్గింపు చూపించుకోవచ్చు, అదీ ఐటమైజ్ చేసేవాళ్లకి, అంటే తగ్గింపులు ఒక్కొక్కటిగా రాసి చూపించేవాళ్లకి. అంటే ఏడాదంతా లాభనష్టాలు సమానంగా ఉన్నా పన్ను పడే అవకాశం ఉంది. మీ పన్నులు చూసేవాళ్లని ముందే అడగండి.

చివరగా ఒక పని ఇస్తాను. ఐదు రేసులు డబ్బు లేకుండా ఆడండి. నోట్‌బుక్‌లో ట్రాక్ పేరు, ఇద్దరు డ్రైవర్లు, ధర, దాని శాతం, ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం రాయండి. రేసు అయ్యాక ఆ వాక్యం నిజమైందో లేదో పక్కనే రాయండి. నా పాత నోట్‌బుక్ ఇక్కడ బల్ల మీద పెట్టాను, తిరగేసి చూడొచ్చు. తప్పులే ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకు తప్పాయో కూడా రాసుంది. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.