కాణిపాకంలో వేసిన ఒట్టు

(తిరుపతిలో ఒక సాయంత్రం జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. ఫోన్ చేసినవాళ్ల పేర్లు ఇవ్వడం లేదు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఆసుపత్రుల్లో రోగులకు, వాళ్ల కుటుంబాలకు కౌన్సెలింగ్ ఇస్తూ చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన మేడం గారు ఈరోజు మనతో ఉన్నారు. మొదటి కాల్ తిరుపతి నుంచే. చెప్పండన్నా.

కాలర్ (తిరుపతి): నమస్తే అన్నా. మేడం గారికి నమస్కారం. నేను టాక్సీ డ్రైవర్ని. నేనూ నా ఫ్రెండూ కలిసి ఫైనాన్సులో ఒక బండి తీసుకున్నాం. పగలు నేను నడుపుతా. సాయంత్రం నుంచి ఘాట్ మూసేదాకా వాడు, మళ్లీ తెల్లారుజామున ఘాట్ తెరవగానే కూడా వాడే. యాత్రికుల్ని కొండకు తీసుకుపోయి దింపుకొస్తాం.

సలహాదారు: సరే నాయనా. ఏమైంది?

కాలర్: వాడికి ఫిట్స్ వస్తాయి మేడం. టీ అంగడి దగ్గర నిలబడి మాట్లాడుతున్నోడు ఉన్నట్టుండి పడిపోయినాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు, నోట్లో నురగ వచ్చింది. తేరుకున్నాక ఏం జరిగిందో వాడికే గుర్తులేదు. ఇంట్లో కూడా వచ్చిందని వాళ్లావిడ చెప్పింది. కూతురికి సంబంధం చూస్తున్నారు. తండ్రికి ఫిట్స్ అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని వాడి భయం. నన్ను కాణిపాకం తీసుకుపోయి, స్వామి ముందర ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పనని.

సలహాదారు: డాక్టరుకు చూపించుకున్నాడా? మందులు వాడుతున్నాడా?

కాలర్: చూపించుకున్నాడు. మాత్రలు ఉన్నాయి. వేసుకుంటే మత్తుగా ఉంటుందని బండి తీసే రోజు మానేస్తాడు.

సలహాదారు: అయ్యో. మాత్ర మానేస్తే ఫిట్స్ వస్తుంది. నిద్ర చాలకపోయినా వస్తుంది. ఆ డ్యూటీలో ఆయనకు రెండూ కలిసే జరుగుతున్నాయి.

కాలర్: నా టెన్షన్ అదే మేడం. ఎక్కడమంటే రెండో ఘాట్ మీద ఎక్కుతాం. దిగేది 1944లో వేసిన పాత ఘాట్ మీద. మలుపు మీద మలుపు. మోకాళ్ల మెట్టుకు ముందు నడకదారి జనం ఆ రోడ్డు పక్కనే నడుస్తా ఉంటారు, పిల్లల్ని భుజాన వేసుకోని. స్టీరింగు పట్టుకుని ఉన్నప్పుడు వాడికి అది వస్తే ఏంది గతి? రాత్రి నిద్ర పట్టడం లేదు.

వ్యాఖ్యాత: మీరు ఆయనతో మాట్లాడి చూశారా అన్నా?

కాలర్: కొండకు పోవద్దురా అన్నా. నవ్వేసినాడు. మరి ఆర్టీఓ ఆఫీసుకు పోయి చెప్దామంటే కాళ్లు రావడం లేదు. మా నాయనకు కిడ్నీలు పోయినప్పుడు డయాలసిస్‌కు తిప్పింది వాడే మేడం. డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. అట్లాంటోడి పొట్ట కొడితే నేనొక మనిషినేనా? చెప్పకుండా ఊరుకుంటే మాత్రం మనిషినేనా? ఇంక ఒట్టు సంగతి. స్వామి ఊరుకుంటాడా?

సలహాదారు: ముందు ఒట్టు సంగతి చూద్దాం. కాణిపాకంలో జనం ఎందుకు ప్రమాణం చేస్తారు? అప్పు తీర్చావా లేదా, దొంగతనం చేశావా లేదా అని తేల్చుకోవడానికి. దాచినది బయటికి రావాలని ఆ స్వామి దగ్గరికి వెళ్తారు. ఆయన్ని నిజం దాచడానికి సాక్షిగా పిలవడం నాకైతే మనసొప్పదు. ఇంకో మాట. ఆ ఒట్టు మీ ఇద్దరి మధ్య వేసుకున్నది. బండి ఎక్కే యాత్రికుణ్ణి ఎవరూ అడగలేదు. అతని ప్రాణాన్ని కూడా ఆ ఒట్టులో కలిపేసే హక్కు నీకూ లేదు, నీ స్నేహితుడికీ లేదు.

కాలర్: అంటే చెప్పేయొచ్చంటారా?

సలహాదారు: ఎలా చెప్పాలన్న దగ్గరే అసలు కష్టం ఉంది. గుడి పక్కన పారే బాహుదా నది కథ నీకు తెలుసు కదా?

కాలర్: అన్నదమ్ముల కథ. తమ్ముడు మామిడిపండు కోసుకుని తిన్నాడని రాజు చేతులు నరికించినాడు. ఏట్లో మునిగితే చేతులు వచ్చినాయి.

సలహాదారు: అదే. శంఖుడు, లిఖితుడు. మన వైపు అన్న వెళ్లి రాజుకు చెప్పాడని చెప్పుకుంటారు. భారతంలో శాంతిపర్వంలో ఇంకోలా ఉంటుంది. తమ్ముడు తిన్నది అన్న ఆశ్రమంలోని పండ్లే. అన్న రాజు దగ్గరికి వెళ్లడు. ‘నువ్వే వెళ్లి, ఈ తప్పు చేశాను, శిక్ష వేయండి అని అడుగు’ అని తమ్ముడితో మొహం మీదే అంటాడు. నాకు ఈ రెండో కథే నచ్చుతుంది. చాటుగా చెప్పడానికీ, ఎదురుగా కూర్చోబెట్టి ‘నువ్వు వెళ్తావా, నన్ను వెళ్లమంటావా’ అని అడగడానికీ చాలా తేడా ఉంది. నువ్వు కొండకు పోవద్దన్నావు, అతను నవ్వాడు, అక్కడితో ఆగిపోయావు. ఈ రెండో మాట ఇంకా అడగలేదు.

కాలర్: లేదు మేడం. అడగలేదు.

వ్యాఖ్యాత: అన్నా, లైన్‌లోనే ఉండండి. చిత్తూరు నుంచి ఒకాయన చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్నారు. చెప్పండి సార్.

కాలర్ (చిత్తూరు): మేడం, మీరు చెప్పేది వినడానికి బాగుంటుంది. నేను చేసి చూసినోణ్ణి. దామలచెరువు వైపు మామిడికాయల వ్యాపారం మాది. నా పార్ట్‌నర్ కార్బైడ్ పెట్టి కాయలు మగ్గేసేవాడు. వద్దురా, ఇథిలీన్ గ్యాస్‌తో మగ్గేసే ఛాంబర్‌కు పంపిద్దాం అని ఎదురుగానే చెప్పినా. ఎదురుగానే తిట్టినాడు. ఆఖరుకు ఫుడ్ సేఫ్టీ వాళ్లకు నా పేరుతోనే చెప్పినా. సరుకంతా పోయింది. ఇప్పుడు మార్కెట్‌లో నాకు కాయ అప్పిచ్చేవాడు లేడు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని నా వెనకాల అంటారు. బంధువుల్లో కూడా అంతే. నాకు ఏం గౌరవం దక్కింది?

సలహాదారు: దక్కలేదు. దక్కిందని నేను అబద్ధం చెప్పను. మీరు చేసిన పని మాత్రం గౌరవమైనదే. కార్బైడ్‌తో మగ్గబెట్టడాన్ని చట్టం ఊరికే నిషేధించలేదు. దాన్నుంచి వచ్చే ఎసిటిలీన్ గ్యాస్‌తో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు కూడా కాయకు అంటుతాయి. ఆ పండు తినే పిల్లవాడు మీకెవరో తెలియదు. తెలియని ఆ పిల్లవాడి కోసం తెలిసిన మనిషిని దూరం చేసుకున్నారు. లోకం మెచ్చుకుంటేనే అది మంచి పని అవుతుందని ఎక్కడుంది?

కాలర్ (చిత్తూరు): విభీషణుడికి రాముడు పట్టాభిషేకం చేసినాడు. అయినా జనం తిట్టుకునేది విభీషణుణ్ణే కదా మేడం.

సలహాదారు: తిడతారు. కానీ ఆయన రాత్రికి రాత్రి పారిపోలేదు. నిండు సభలో అన్నకు చెప్పాడు, తిట్లు తిన్నాడు, అందరూ చూస్తుండగా వెళ్లాడు. నాకు ఆయన మీద ఉన్న బాధ ఒకటే, యుద్ధం అయ్యేదాకా అన్న వైపు మళ్లీ చూడలేకపోయాడు. మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ పార్ట్‌నర్ ఇప్పుడు ఎలా ఉన్నాడు?

కాలర్ (చిత్తూరు): తెలీదు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

సలహాదారు: అమెరికాలో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. 1978 నుంచి 1995 దాకా ఒకడు పోస్టులోనూ, చేతి మీదుగానూ బాంబులు పెట్టాడు. ముగ్గురు చనిపోయారు, 23 మంది గాయపడ్డారు. అతనెవరో పోలీసులకు తెలియలేదు. 1995లో అతను రాసిన పెద్ద వ్యాసం పత్రికలో వచ్చింది. అది చదివి డేవిడ్ కజిన్‌స్కీ అనే ఆయన, ఆయన భార్య, ఇది మా అన్న టెడ్ రాతలా ఉందే అని అనుమానపడ్డారు. సొంత అన్న. చెబితే మరణశిక్ష పడొచ్చు, చెప్పకపోతే ఇంకొకరి ఇంటికి బాంబు వెళ్తుంది. చెప్పాడు. 1996లో అన్నను అరెస్టు చేశారు. తర్వాత ఆయన చేసిన పనే నాకు ముఖ్యం. ప్రాసిక్యూషన్ వాళ్లు మరణశిక్ష కోరితే, ‘మా అన్నకు మానసిక జబ్బు ఉంది, ప్రాణం తీయకండి’ అని పోరాడాడు. చివరికి 1998లో యావజ్జీవం పడింది. పట్టించినందుకు వచ్చిన పది లక్షల డాలర్ల బహుమానాన్ని ఖర్చులు పోను బాధితుల కుటుంబాలకు ఇచ్చాడు. అన్న మాత్రం ఆయనతో మళ్లీ మాట్లాడలేదు.

వ్యాఖ్యాత: అంటే మేడం, పట్టించడంతో ఆయన పని అయిపోలేదు.

సలహాదారు: అవును. శంఖుడి కథలో కూడా అంతే. లిఖితుడు చేతులు పోయి వస్తే, నదిలో స్నానం చేసి తర్పణం వదలమంటాడు అన్న. చేతులు తిరిగొస్తాయి. ‘ఇది నా తపస్సు వల్ల’ అంటాడు. ‘అంత తపస్సు ఉంటే ముందే నన్ను బాగుచేయొచ్చు కదా’ అని తమ్ముడు అడిగితే, ‘శిక్ష వేయడం నా పని కాదు, రాజు పని’ అంటాడు. శిక్షకు పంపినవాడే తను కూడబెట్టుకున్న తపస్సు ఖర్చుపెట్టి చేతులు తెప్పించాడు. స్నేహితుడి గుట్టు బయటపెట్టేవాడు తనది కూడా ఏదో ఒకటి పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి. చిత్తూరు సోదరుడూ, మీరు చాలా పోగొట్టుకున్నారు. ఒక్క ఫోన్ కూడా చేయండి. అతను పెట్టేస్తే పెట్టేస్తాడు.

కాలర్ (చిత్తూరు): ... చూస్తాను మేడం.

వ్యాఖ్యాత: పుత్తూరు నుంచి ఒక అక్క. చెప్పండక్కా.

కాలర్ (పుత్తూరు): నాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉంది మేడం. మాత్రలు తప్పకుండా వేసుకుంటా, చాలా ఏళ్లుగా రాలేదు. టైలరింగ్ చేసుకుంటూ పిల్లల్ని చదివించుకుంటున్నా. ఇందాకటి నుంచి మీరు పండు దొంగలు, బాంబులు పెట్టినోళ్ల కథలు చెప్తా ఉంటే నాకు బాధేసింది. ఆయన చేసింది నేరం కాదు. జబ్బు వచ్చింది, భయపడినాడు. రోడ్డు మీద పడిపోతే చేతిలో తాళాలు పెడతారు, చెప్పు వాసన చూపిస్తారు. అట్లాంటి చోట ఎవరు చెప్పుకుంటారు?

సలహాదారు: నీ మాట నిజం తల్లీ. జబ్బు తప్పు కాదు. మాత్ర మానేసి జనాన్ని ఎక్కించుకోవడం ఒక్కటే తప్పు. సరిగ్గా మందులు వాడితే ఫిట్స్ ఉన్నవాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ రాకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డుగా రాశారు. 1999లో దాన్ని తీసేశారు. చట్టం తీసేసినా మన పెళ్లిచూపుల్లోంచి ఇంకా పోలేదు.

కాలర్ (పుత్తూరు): ఆ తిరుపతి అన్నకు ఒక మాట. వాళ్లింటికి పోయినప్పుడు గట్టిగా అరవొద్దు. భార్య పక్కనుండగా చెప్పండి. మాకు ముందు సిగ్గు, తర్వాతే కోపం.

వ్యాఖ్యాత: థాంక్స్ అక్కా. తిరుపతి అన్నా, విన్నారు కదా.

కాలర్ (తిరుపతి): విన్నా. కానీ ఆర్టీఓకు చెబితే వాణ్ణి జైల్లో పెడతారా మేడం?

సలహాదారు: మోటారు వాహనాల చట్టం, 1988లో 16వ సెక్షన్ ఉంది. జబ్బు వల్ల ఒక మనిషి బండి నడపడానికి తగడని నమ్మడానికి కారణం ఉంటే, లైసెన్సులిచ్చే అధికారి మెడికల్ సర్టిఫికెట్ తెమ్మని అడగొచ్చు, లేదా లైసెన్సు రద్దు చేయొచ్చు. ఆ సెక్షన్ అంతవరకే. రాజు చేతులు నరికించాడు, ఇక్కడ స్టీరింగు మీద నుంచి చేతులు తీయమంటారు. నువ్వు ఈరోజే ఆఫీసుకు పోనక్కర్లేదు. ముందు అతన్ని న్యూరాలజీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. స్విమ్స్‌కు వెళ్లండి, రుయాకు వెళ్లండి. మాత్ర మత్తుగా ఉందని ఆయనే డాక్టరుకు చెప్పాలి. మోతాదో మందో మార్చి చూస్తారు. బండి మాత్రం డాక్టరు దగ్గరికి పోయేదాకా కూడా ఆగకూడదు, ఈ రాత్రి నుంచే మానాలి.

కాలర్: మానను అంటే?

సలహాదారు: అప్పుడు చెప్పు: ‘రేపు నువ్వు బండి తీస్తే, నేను నా పేరుతో రాసి ఇస్తాను, ఆ కాగితం ముందు నీకే చూపిస్తాను’ అని. ఆకాశరామన్న ఉత్తరం వద్దు. స్టాండులో ఒక్కరికి కూడా చెప్పొద్దు. పెళ్లివారికి అసలే చెప్పొద్దు. అది వాళ్లింటి విషయం. యాత్రికుల ప్రాణానికి ఎంత కావాలో అంతే బయటికి రావాలి, అది కూడా ఆ ఆఫీసు దాకానే.

కాలర్: బండి కంతులు మేడం... వాడు నడపకపోతే వాళ్లిల్లు గడవదు.

సలహాదారు: ఆ షిఫ్టుకు వేరే డ్రైవర్ని పెట్టండి. జీతం పోను మిగిలింది వాళ్లింటికి వెళ్లాలి. కంతులో నీ వాటా కొన్నాళ్లు పెరుగుతుంది. నువ్వు అది మోస్తానని ముందు చెప్పి, తర్వాతే తాళం అడుగు.

కాలర్: మోస్తాను. తెల్లారుజామున చెన్నై పార్టీ ఉంది, వాడి ట్రిప్పు. తాళం వాడి దగ్గరే ఉంది.

సలహాదారు: ఆ ట్రిప్పు నువ్వు తీసుకెళ్లు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడా?

కాలర్: ఉంటాడు. ఎనిమిదికి బయల్దేరుతాడు.

సలహాదారు: అయితే ఫోన్ పెట్టేసి వెళ్లు నాయనా.

వ్యాఖ్యాత: అన్నా... లైన్ కట్ చేసినట్టున్నారు. తర్వాతి కాల్ శ్రీకాళహస్తి నుంచి. నమస్కారం, చెప్పండి.