సీతాకోకచిలుక వాలింది సరే, గుడ్డు ఎక్కడ పెడుతుంది?

అందరికీ నమస్తే అండీ. తేనెటీగల కోసం, సీతాకోకచిలుకల కోసం మొక్కలు పెడదాం అనుకునేవాళ్ళకి వచ్చే మొదటి డౌటే ఇది, మన ప్రాంతపు మొక్కలే పెట్టాలా, బయటి దేశాలవి పెడితే తప్పా అని. బయటివన్నీ పీకేయండి అనేవాళ్ళున్నారు, పువ్వు ఏదైతే ఏంటి తేనె ఉంటే చాలదా అనేవాళ్ళూ ఉన్నారు. నేనైతే రెండూ ఒప్పుకోను.

బడ్లియా అని ఒక పొద ఉంటుంది, ఊదా రంగులో పొడుగాటి గుత్తులు పూస్తుంది, చైనా వైపు నుంచి వచ్చింది, దాన్ని బటర్‌ఫ్లై బుష్ అనే అమ్ముతారు. పూత మీద ఉంటే సీతాకోకచిలుకలు నిజంగానే ఎగబడి వాలతాయి. కానీ తాగి వెళ్ళిపోతాయి అంతే, బ్రిటన్‌లో గానీ అమెరికాలో గానీ దాని ఆకు తినే గొంగళి పురుగులు చాలా తక్కువ, కాబట్టి గుడ్డు పెట్టడానికి ఇంకో మొక్క వెతుక్కోవాల్సిందే. పైగా దాని గింజలు గాలికి ఎగిరిపోయి రైలు పట్టాల పక్కన, పాత గోడల పగుళ్ళలో కూడా మొలిచేస్తాయి.

అసలు విషయం ఆకులో ఉందండీ. అమెరికాలో మోనార్క్ సీతాకోకచిలుక ఉంది కదా, దాని పిల్లలు, అంటే గొంగళి పురుగులు, మిల్క్‌వీడ్ (తుంచితే పాలు కారే మొక్క) జాతి ఆకులు తప్ప ఇంకేం తినవు. తల్లి ఆకు మీద వాలి ముందు కాళ్ళతో తడుముతుంది, రుచి చూసేది ఆ కాళ్ళతోనే, అదే మొక్క అని ఖాయం చేసుకున్నాకే ఒక్కో గుడ్డు అంటిస్తుంది, ఎక్కువగా ఆకు అడుగునే. ఆ మొక్క పాలల్లో విషం ఉంటుంది, పురుగు దాన్నే ఒంట్లో దాచుకుని పిట్టల నుంచి కాపాడుకుంటుంది. ఇంత సంబంధం కుదరడానికి ఎన్నెన్నో తరాలు పడుతుంది, నర్సరీ నుంచి నిన్న తెచ్చిన మొక్కతో కుదరదు.

ఒకవేళ అదే జాతిలో బయటి రకం పెడితే? ఎర్రగా పసుపుగా పూసే ట్రాపికల్ మిల్క్‌వీడ్‌ని మోనార్క్ పిల్లలు బాగానే తింటాయి, కానీ చలి తక్కువుండే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, అంటే ఫ్లోరిడా, టెక్సస్ లాంటి చోట్ల, అది శీతాకాలంలో ఎండిపోదు, దాంతో ఓఈ అనే పరాన్నజీవి ఆకుల మీద పేరుకుపోయి పురుగులకి అంటుకుంటుంది. అందుకే అక్కడ దాన్ని చలికాలానికి ముందే మొదటికి కత్తిరించేయమంటారు.

అలాగని బయటివి వేస్ట్ అని కాదు. ఇంగ్లండ్‌లో విస్లీ తోటలో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళు 2010 నుంచి 2013 వరకు స్థానిక మొక్కల మడులు, విదేశీ మొక్కల మడులు పక్కపక్కనే వేసి చూశారు. మొత్తం మీద స్థానికం వైపే కాస్త మొగ్గు, పూలు ఎక్కువున్న చోటికి తేనెటీగల లాంటి పురుగులూ ఎక్కువ వచ్చాయి, కానీ సీజన్ చివర్లో విదేశీ మొక్కలు పూతని ఇంకొన్నాళ్ళు లాగాయి. కాబట్టి మీ తోటలో ఏ నెల పూలు ఉండవో చూసుకుని, విపరీతంగా పాకిపోని బయటి మొక్క ఒకటి ఆ గ్యాప్‌లో పెట్టుకోండి, తప్పేం లేదు.

ఇంకోటి, ముద్ద పూలు కాకుండా ఒంటిరేక పూలు తీసుకోండి, ముద్ద వాటిలో కేసరాలే రేకులైపోతాయి కాబట్టి పుప్పొడి పెద్దగా దొరకదు.

నర్సరీలో కొనేముందు ఏం మందు కొట్టారో అడగండి. నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందులు మొక్క లోపలికి ఎక్కి పుప్పొడిలోకి, తేనెలోకి కూడా వచ్చేస్తాయి, వాటిలో మూడింటిని యూరోపియన్ యూనియన్ 2018లో ఆరుబయట వాడకుండా ఆపేసింది. ఇంత చేసి గొంగళి పురుగుల కోసమని పెట్టిన మొక్కకి ఆకులు చిల్లులు పడ్డాయని స్ప్రే బాటిల్ పట్టుకోకండి ప్లీజ్, అవి తింటేనే కదండీ మనం పెట్టింది పనికొచ్చినట్టు.