ఎండాకాలమంతా వాడి చూశాను: నాలుగు స్కార్ఫులు, రెండు అబాయాలు, ఒక చీర

అస్సలాము అలైకుం. అందరికీ నమస్తే.

ఇదిగో, ఈ మంచం మీద పరిచినవన్నీ నా జీతం డబ్బులతో కొనుక్కున్నవి. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి సంగతి చివర్లో చెప్తాను. ఎవరూ ఫ్రీగా పంపలేదు, రివ్యూ చెయ్యమని ఎవరూ డబ్బులివ్వలేదు. మార్చి నుంచి జూన్ దాకా విజయవాడ ఎండలో వీటితోనే ఆఫీసుకెళ్లాను, స్కూటీ నడిపాను, వంట చేశాను, నమాజు చదివాను. ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అన్నది మాత్రమే చెప్తాను.

నేను కలిమా చదివి, అంటే ఇస్లాం స్వీకరించి, పదకొండు నెలలైంది. పేరు మార్చుకోలేదు. మార్చుకోవాలన్న నియమం కూడా లేదు, పేరుకి చెడ్డ అర్థం లేకపోతే చాలన్నారు. ఎందుకు స్వీకరించావని అడిగితే, చదివాను, నమ్మాను, అంతే చెప్పగలను. ఇవాళ బట్టల గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే కొత్తగా వచ్చిన అమ్మాయికి రోజూ పొద్దున్నే అద్దం ముందు ఎదురయ్యే ప్రశ్న అదే. ఏం కప్పుకోవాలి, ఎలా కప్పుకోవాలి, జారిపోతే ఏం చెయ్యాలి? చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన అమ్మాయికి వాళ్లమ్మ నేర్పుతుంది. నాకు నేర్పినవాళ్లు లేరు. ఒక ఆపా, అంటే అక్క, రెండు ఆదివారాలు కూర్చోబెట్టి చూపించింది, మిగతాదంతా పిన్నులు గుచ్చుకుంటూ నేర్చుకున్నదే.

ముందు అబాయాలు. మన దగ్గర చాలామంది దీన్నే బుర్ఖా అంటారు. ఇది మొదటిది, హైదరాబాద్ వెళ్లినప్పుడు చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో కొన్నాను. నిదా బట్ట. పద్దెనిమిది వందలు. నిదా అంటే పాలిస్టరే, కానీ నాణ్యమైన పాలిస్టర్. పట్టుకుంటే నున్నగా ఉంటుంది, ఇస్త్రీ అక్కర్లేదు, ఒంటికి అంటుకోకుండా కిందికి పడుతుంది. ఇలా వెలుగులో పెట్టి చూపిస్తున్నా, చూడండి, నా చెయ్యి వెనకాల ఉంది. కనబడుతోందా? లేదు కదా. బట్ట కొనేటప్పుడు షాపులో ట్యూబులైటు కింద చూసి మోసపోకండి. గుమ్మం దాకా తీసుకొచ్చి ఎండలో ఎత్తి చూడండి. షాపులో బాగానే ఉన్న బట్ట బయటికొస్తే కాళ్లన్నీ కనబడేలా ఉంటుంది.

సైజు దగ్గర నేను దెబ్బతిన్నాను. అబాయా మీద 52, 54, 56 అని రాసుంటాయి. అవి పొడవు, అంగుళాల్లో. ఛాతీ కొలత అనుకోకండి. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. షాపులో 56 చేతికిచ్చారు, బాగా కవరవుతుంది అన్నారు. నేనూ తలూపాను. ఇంటికొచ్చి వేసుకుంటే నేల ఊడుస్తోంది. నాకు సరిపోయేది 54. స్కూటీ మీద వెళ్లే రోజుకి 52, కింద ప్యాంటు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, బందరు రోడ్డు మీద ఆ 56 అంచు గాలికి ఎగిరి వెనక చక్రంలోకి వెళ్లింది. పక్కనున్న ఆటో ఆయన "అమ్మా, గుడ్డ! గుడ్డ!" అని అరిచాడు. వెంటనే బ్రేకు వేశాను. ఇదిగో, ఇక్కడ చూడండి, ఈ అంచు. జానెడు చీలింది, గ్రీజు మరక ఇప్పటికీ పోలేదు. ఇంకో రెండు క్షణాలైతే నన్ను కూడా లాగేసేది. చీర కట్టుకుని బండి ఎక్కేవాళ్లందరికీ ఈ భయం తెలుసు. ముందు తెరుచుకునే అబాయా అయితే బండి ఎక్కేముందు రెండు అంచులూ ఒళ్లోకి తీసుకుని తొడల కింద నొక్కి కూర్చోండి. శారీ గార్డు ఉన్న బండైనా సరే.

రెండోది వన్ టౌన్‌లో బట్ట కొని కుట్టించుకున్నది. ముదురు ఆకుపచ్చ, రేయాన్ కలిసిన నూలు. కుట్టుకూలితో కలిపి పదకొండు వందలు. నల్లది కాకపోతే ఎలా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. నలుపే వేసుకోవాలని ఖురాన్‌లో లేదు. నూర్ సూరా, అంటే నూర్ అనే అధ్యాయం, 31వ ఆయతులో, అంటే వాక్యంలో, ఖిమార్, అంటే తలగుడ్డ, ఛాతీ మీదికి కప్పుకోమని ఉంది. రంగు మాట లేదు. ఆ ముందున్న 30వ ఆయతు మగవాళ్లకి, చూపులు దించుకోమని. ఆ వరస నాకు చాలా నచ్చింది. ముందు చూసేవాళ్లకి చెప్పి తర్వాత మనకి చెప్పింది.

ఈ ఆకుపచ్చ దానిలో నాకు బాగా నచ్చింది చేతులు. చూడండి, మణికట్టు దగ్గర మూడు టిచ్ బటన్లు. విప్పేస్తే మోచేతి దాకా మడిచెయ్యొచ్చు. నమాజుకి ముందు వుజూ చేసేటప్పుడు, అంటే నీళ్లతో శుభ్రం చేసుకునేటప్పుడు, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి కదా. ఆ నిదా అబాయాకి చేతి అంచు బిగుతుగా ఎలాస్టిక్ వేసి ఉంటుంది. ఆఫీసులో మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకి వాష్‌బేసిన్ దగ్గర నిలబడి ఆ చేతులు పైకి లాగలేక, లాగితే మళ్లీ కిందికి జారి, మొత్తం తడిసిపోయి, తడి చేతులతోనే సీట్లో కూర్చుని లెక్కలు రాసిన రోజులున్నాయి. కొనేటప్పుడు అద్దంలో ఎలా ఉందో తర్వాత చూడండి. ముందు చెయ్యి మోచేతి దాకా పైకి వస్తుందా లేదా చూడండి. రాకపోతే అక్కడే వదిలెయ్యండి.

ఇంకోటి, వెడల్పు చేతుల మోడల్ ఇప్పుడు ఫ్యాషన్. గంటల్లా వేలాడతాయి. ఇంట్లో వాటితో స్టవ్ దగ్గరికి వెళ్లకండి. చిన్న పరీక్ష చూపిస్తాను. ఇది నిదా నుంచి తీసిన పోగు, ఇది నూలు పోగు. అగ్గిపుల్ల... నూలు చూడండి, కాగితం కాలినట్టు కాలి బూడిదై రాలిపోయింది. నిదా పోగు? ముడుచుకుని కరిగి, చల్లారాక ఇలా గట్టి పూస అయిపోయింది. అది ఒంటి మీద కరిగితే చర్మానికి అతుక్కుంటుంది. పోపు వేసేటప్పుడు నేను నూలు నైటీ మీద నూలు చున్నీయే వేసుకుంటాను.

ఇక స్కార్ఫులు.

జార్జెట్. నూట యాభై రూపాయలు, ఏ రంగు కావాలంటే ఆ రంగు దొరుకుతుంది, ఫొటోలో అందంగా ఉంటుంది. కానీ జారుతుంది. నాలుగు పిన్నులు లేకుండా నిలవదు, పిన్ను పెట్టిన చోటల్లా చిల్లు పడుతుంది. పైగా పలచన, లోపల ఇన్నర్ క్యాప్, అంటే స్కార్ఫు కింద పెట్టుకునే టోపీ, లేకపోతే జుట్టు కనబడుతుంది. గంట సేపు ఫంక్షన్‌కి సరే. సజ్దాలోకి, అంటే నుదురు నేలకి ఆనించడానికి, వెళ్లినప్పుడు ముందుకి జారి కళ్ల మీద పడుతుంటే నమాజు మీద ధ్యాస ఎక్కడుంటుంది?

జెర్సీ. టీషర్టు బట్టలాంటిది. మూడు వందలు. పిన్ను అక్కర్లేదు, చుట్టి వదిలేస్తే సాయంత్రం దాకా కదలదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అందరూ ఇదే చెప్తారు, చలికాలంలో నేనూ ఇదే చెప్తాను. మే నెలలో మాత్రం చెప్పలేను. మెడ దగ్గర చెమట మొత్తం తాగేస్తుంది, తొందరగా ఆరదు. మధ్యాహ్నానికి తడిగుడ్డ మోసినట్టు బరువెక్కుతుంది. నాకు మెడ మీద చెమటకాయలు వచ్చాయి.

మల్ కాటన్. మెత్తన, చల్లన, తేలిక. ఒక్క మడత వేస్తే పలచన. రెండు మడతలు వేస్తే చుట్టడానికి పొడవు చాలదు. ఇంట్లో వాడుకుంటున్నాను.

హెల్మెట్ సంగతి చెప్పాలి. హెల్మెట్ కింద పిన్నులు వద్దేవద్దు. చెవి పైన పెట్టిన పిన్ను హెల్మెట్ నొక్కుడికి లోపలికి దిగుతుంది, నాకు రక్తం వచ్చింది. వెనక జుట్టు ముడి కూడా ఎత్తుగా వద్దు, హెల్మెట్ సరిగా కూర్చోదు. జడ వేసి లోపలికి వదిలెయ్యండి. క్యాప్, దాని మీద స్కార్ఫు ఒకే పొర, కొసలు అబాయా లోపలికి దోపెయ్యాలి. పట్టీ స్కార్ఫు మీంచి గడ్డం కింద బిగించాలి. స్కార్ఫు ఉంది కదా అని హెల్మెట్ మానేసేవాళ్లని రోజూ చూస్తున్నాను. దయచేసి అలా చెయ్యకండి.

ఇప్పుడు చీర. అవును, చీర. ఇస్లాంలోకి వచ్చాక చీర వదిలెయ్యాలా అని చాలామంది భయపడతారు. మన గుంటూరు, ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఎన్ని లేవు! ఆ ఇళ్లల్లో పెద్దవాళ్లు చీరే కట్టుకుంటారు, కొంగు తల నిండా కప్పుకుని. నేను అద్దెకున్న ఇంటి కింద వాటాలో ఉండే మామ్మగారు అలాగే కడతారు. ఆవిణ్ని చూసే నాకు ధైర్యం వచ్చింది. మా పెదనాన్న కూతురి పెళ్లికి ఈ చీరే కట్టుకున్నాను. టైలరుకి రెండే చెప్పాను. చేతులు మణికట్టు దాకా. రవికె పొడవు మామూలుగా పద్నాలుగు, పదిహేను అంగుళాలు కుడతారు, నాకు ఇరవై కావాలన్నాను. నడుం కనబడదు. తలకి చీర రంగు స్కార్ఫు, దాని మీంచి కొంగు. మా వదిన దగ్గరికొచ్చి కొంగు సర్ది "బాగుందే" అంది. ఆ రోజు పెళ్లింట్లో నాతో అంత మామూలుగా మాట్లాడింది ఆవిడొక్కతే.

మా అమ్మ ఆ రోజు నా నుదుటి వైపు చూసి తల తిప్పుకుంది. బొట్టు లేని నుదురు. దాని గురించి ఎక్కువ చెప్పలేను. అమ్మ మూడు నెలలు నా ఫోను ఎత్తలేదు. లుఖ్మాన్ సూరాలో 15వ ఆయతు ఉంది. తల్లిదండ్రులు నీ విశ్వాసానికి ఎదురు నిలిచినా, ఆ విషయంలో వాళ్ల మాట వినకు, కానీ లోకంలో వాళ్లతో మంచిగా మెలుగు అని. అది చదివి రోజూ సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత ఫోను చేసేదాన్ని. ఎత్తినా ఎత్తకపోయినా.

ఎత్తిన రోజు అమ్మ మొదట అడిగింది, "ఆ నల్లగుడ్డలో ఊపిరాడుతోందా?" అని. తర్వాత "అన్నం తింటున్నావా?" అని. ఇప్పుడు ఆషాఢం కదా, మొన్న తెనాలి వెళ్తే గోరింటాకు రుబ్బి ఉంచింది. పెట్టుకుంటావో లేదో అని గిన్నె మూతపెట్టి వంటింట్లో ఒక మూలన పెట్టింది. పెట్టుకుంటానమ్మా అన్నాను. గోళ్ల రంగు అయితే వుజూ నీళ్లు గోటికి తగలనివ్వదు, పైన పొరలా ఉంటుంది. గోరింటాకు అలా కాదు, రంగు మాత్రమే పడుతుంది. ఇవిగో చూడండి. ఎంత పండాయో!

ఇక చివరిది. మంచం మీద నేను కొననిది ఇదొక్కటే. మంగళగిరి నూలు చున్నీ, వంగపండు రంగు, నిజాం అంచు. అమ్మ బస్సెక్కి మంగళగిరి వెళ్లి తెచ్చింది. "కప్పుకుంటే కప్పుకో, మన నూలన్నా కప్పుకో" అంది.

అమ్మ ఇచ్చిందని మార్కులు ఎక్కువ వెయ్యను. మొదటి రోజు గంజి వల్ల తల మీద పందిరిలా నిలబడింది, చెవుల దగ్గర ఒదగలేదు. మొదటి ఉతుకులో రంగు దిగింది, విడిగా ఉతకండి. ఈ జరీ అంచు ఉంది చూడండి, ఇది చెంపకి తగిలితే గీసుకుంటుంది. నేను అంచుని బయటివైపుకి మడిచి చుట్టుకుంటున్నాను. కొనేవాళ్లు జరీ లేనిది అడిగి తీసుకోండి. మూడు ఉతుకుల తర్వాత మాత్రం, ఇదిగో, పట్టుకుంటే పాత చీరంత మెత్తన. చెమట పీల్చుకుంటుంది, ఫ్యాను కింద కూర్చుంటే పది నిమిషాల్లో ఆరిపోతుంది. జారదు. ఒక్క పిన్ను, గడ్డం కింద. ఎండలో ఎత్తి చూపిస్తున్నా, నేత దగ్గరగా ఉంది, ఒక పొరకే చాలు. సజ్దాలో కదల్లేదు. హెల్మెట్ కింద ఉబ్బలేదు. ఈ నాలుగింటిలో మే నెలలో నేను ఎక్కువగా కప్పుకున్నది దీన్నే. మెడ మీద చెమటకాయలు తగ్గిపోయాయి.

చున్నీ రెండున్నర మీటర్లు వస్తుంది, నాకు రెండు మీటర్లు చాలు. మిగిలిన అరమీటరు అమ్మే కత్తిరించి తీసుకుంది, ఏ సంచీకో వాడుకుంటుందేమో అనుకున్నాను. నిన్న మా తమ్ముడితో ఈ పొట్లం పంపింది. విప్పితే ఇది. ఇన్నర్ క్యాపు. నేనేం అడగలేదు, కొలత ఇవ్వలేదు. నా పాత క్యాపు ఆ ఇంట్లో మర్చిపోయి వచ్చాను, దాన్ని చూసి కుట్టినట్టుంది. ఇదిగో, కుట్లు చూడండి, చేత్తో వేసినవి. పెట్టుకుని చూపిస్తాను... ఎలాస్టిక్ నుదుటి దగ్గర కాస్త బిగుతుగా ఉంది. ఆదివారం తెనాలి వెళ్తున్నాను, విప్పి ఒక అంగుళం వదిలి కుట్టమంటాను.