సునీల్ ఛెత్రి తొలి పదకొండేళ్లు: ఆడనిచ్చిన చోటల్లా గోల్ కొట్టాడు

అందరికీ నమస్కారం. ఇవాళ్టి రివ్యూ భారత ఫుట్‌బాల్ స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టే ముందు వరస ఆటగాడు, సునీల్ ఛెత్రి మీద. 2024 జూన్‌లో కువైట్ మ్యాచ్‌తో వీడ్కోలు చెప్పేనాటికి 151 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 94 గోల్స్. ఆ పెద్ద ఛెత్రి గురించి అందరూ మాట్లాడారు. నేను మాత్రం చిన్న ఛెత్రి దగ్గరికి వెళ్తున్నా. 2002లో కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్‌లో చేరిన కుర్రాడి దగ్గర మొదలుపెట్టి, 2013లో బెంగళూరు ఎఫ్‌సీ గడప తొక్కే ముందు ఆపేస్తాను.

ముందుగా స్క్రీన్ మీద రెండు లెక్కలు పెడుతున్నా, చూడండి. మోహన్ బగాన్, 2002 నుంచి 2005 దాకా: లీగ్‌లో 18 మ్యాచ్‌లు, 8 గోల్స్. పంజాబ్ క్లబ్ జేసీటీ, 2005 నుంచి 2008 దాకా: 48 మ్యాచ్‌లు, 21 గోల్స్. ఇప్పుడు భాగించండి. మొదటిది మ్యాచ్‌కి 0.44. రెండోది? అదీ 0.44.

మనం ఎప్పుడూ వినే కథ ఏంటి? కోల్‌కతాలో కుర్రాడు తేలిపోయాడు, పంజాబ్ వెళ్లాక స్ట్రైకర్ అయ్యాడు అని. లెక్క చూస్తే అలా లేదండి. గోల్ కొట్టే అలవాటు రెండు చోట్లా ఒకటే. తేడా ఎక్కడుందంటే, ఎన్ని మ్యాచ్‌లు ఆడనిచ్చారన్న దగ్గరే. ఈ వీడియోలో నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984 ఆగస్టు 3న. నాన్న ఆర్మీలో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల) విభాగం, సైన్యం తరఫున ఫుట్‌బాల్ ఆడిన మనిషి. అమ్మ, అమ్మ కవల సోదరి ఇద్దరూ నేపాల్ మహిళల జట్టుకి ఆడారు. ఇంట్లో ఆట ఆ స్థాయిలో ఉంది. ఆర్మీ ఉద్యోగం అంటే బదిలీలే కదా, పిల్లాడి చదువు డార్జిలింగ్ నుంచి ఢిల్లీ దాకా సాగింది. ఢిల్లీలో స్కూల్ ఫుట్‌బాల్, 2001లో కౌలాలంపూర్‌లో ఆసియా స్కూల్స్ టోర్నీ, ఆ తర్వాత మోహన్ బగాన్. అప్పటికి నిండా పద్దెనిమిదేళ్లు కూడా లేవు. ఇవాళ్టి పిల్లలకి ఉన్న అకాడమీ మెట్లు, రిజర్వ్ జట్టు, వయసు వారీ లీగులు ఏవీ లేకుండా స్కూల్ యూనిఫాం లోంచి పెద్ద క్లబ్‌లుండే కోల్‌కతా మైదాన్‌లోకి దూకడం అన్నమాట.

మోహన్ బగాన్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది తొందరపడి తీర్పు చెప్పేస్తారు. అక్కడ ఫార్వర్డ్ లైన్‌లో ఎవరున్నారు? బ్రెజిల్ నుంచి వచ్చిన హోసే రామిరెజ్ బరెటో, మైదాన్‌కి ఆరాధ్య దైవం. ఛెత్రి చేరిన సీజన్‌లో ఇంగ్లండ్‌లో బరీ క్లబ్‌కి ఆడి తిరిగొచ్చిన భైచుంగ్ భూటియా. వాళ్లిద్దరి వెనక పద్దెనిమిదేళ్ల కుర్రాడికి చోటెక్కడ? అప్పటి నేషనల్ లీగ్ 12 జట్లది, సీజన్‌కి 22 మ్యాచ్‌లు. మూడు సీజన్లకి 66. అందులో ఈ కుర్రాడికి దక్కినవి 18. వాటిలో 8 గోల్స్ కొట్టాడంటే తేలిపోయాడని ఎలా అంటాం చెప్పండి?

పైగా అవి మోహన్ బగాన్‌కి గడ్డురోజులు. పట్టికలో కింది సగంలో కొట్టుమిట్టాడిన సీజన్లు. ఓడితే అభిమానుల కోపం ఎలా ఉండేదో ఛెత్రి తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. నాన్నకి ఫోన్ చేసి ఏడ్చేవాడట, ఈ ఆట నా వల్ల కాదు అని. నాన్న కోల్‌కతా వచ్చి పక్కన కూర్చుని ధైర్యం చెప్పేవాడట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. 94 గోల్స్‌లో మొదటిది కూడా పుట్టకముందే ఆ కుర్రాడు ఆట మానేసి ఉండొచ్చు. అలా మానేసిన పిల్లలు ఎంతమందో మనకెవరికీ తెలియదు.

ఆ మొదటి గోల్ 2005 జూన్ 12న, క్వెట్టాలో, పాకిస్తాన్ మీద. స్నేహపూర్వక మ్యాచ్, స్కోరు 1-1. అదే మ్యాచ్‌తో సయ్యద్ రహీమ్ నబీ కూడా అరంగేట్రం చేశాడు. కోచ్ సుఖ్విందర్ సింగ్ కొత్త కుర్రాళ్లిద్దరినీ నమ్మి దింపాడు. మళ్లీ అదే సూత్రం చూడండి: దింపారు, కొట్టాడు.

ఆ ఏడాదే పంజాబ్‌లోని ఫగ్వాడాకి, జేసీటీకి మారాడు. అది ఒక బట్టల మిల్లు వాళ్లు నడిపిన క్లబ్. తొలి నేషనల్ లీగ్ గెలిచింది వాళ్లే. 2011లో జట్టునే మూసేశారు, ఆ విషయంలో నా బాధ ఇంకా తీరలేదు. సుఖ్విందర్ సింగ్‌కి ఆ క్లబ్‌తో ఏళ్ల నాటి అనుబంధం. కోల్‌కతా హడావుడి లేని ఊరు, దాదాపు ప్రతి మ్యాచ్‌లో చోటు. 2006-07లో జేసీటీ గోవా క్లబ్ డెంపో వెనక రెండో స్థానంలో నిలిచింది, ఛెత్రి గోల్స్ రెండంకెలకి చేరాయి, 2007కి దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పుడు లీగ్‌లో గోల్స్ పంట అంతా విదేశీ స్ట్రైకర్లది. చర్చిల్ బ్రదర్స్‌కి ఆడిన ఒడాఫా ఒకోలీ ఆ సీజన్‌లో ఒక్కడే 18 కొట్టాడు. క్లబ్‌లు నంబర్ నైన్, అంటే ప్రధాన స్ట్రైకర్ స్థానంలో విదేశీ ఆటగాణ్ని పెట్టి, మన కుర్రాణ్ని వింగ్‌కి, అంటే మైదానం అంచుకి నెట్టేసేవి. ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు. అలాంటి లీగ్‌లో ఒక భారతీయుడు రెండంకెలు అందుకున్నాడంటే దాని విలువ వేరే.

ఇక్కడ ఆట గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి. మనిషి ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. స్ట్రైకర్‌కి అది తక్కువే. అయినా తలతో కొట్టే ఛెత్రి హెడర్లు చూడండి. పక్క నుంచి వేసే క్రాస్ గాల్లోకి లేవకముందు అతను డిఫెండర్ ఎదురుగా ఉండడు, వీపు వెనక ఉంటాడు. బంతిని చూడాలంటే డిఫెండర్ అటు తిరగాలి, మనిషిని చూడాలంటే ఇటు తిరగాలి. రెండూ ఒకేసారి కుదరదు. డిఫెండర్ బంతి వైపు తల తిప్పిన క్షణంలో ఛెత్రి రెండు చిన్న అడుగులు వేసి ముందుకొచ్చేస్తాడు, డిఫెండర్ కంటే ముందే ఎగురుతాడు. పొడుగువాడు ఎగిరేసరికి పొట్టివాడు పైనుంటాడు. ఇది కండబలంతో వచ్చేది కాదు. ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి అన్న లెక్క. ఆ లెక్క ప్రాక్టీస్‌లో సగమే అబ్బుతుంది. మిగతా సగం నిజమైన డిఫెండర్, నిజమైన మ్యాచ్, 80వ నిమిషం అలసట నేర్పాలి. అందుకే 48 మ్యాచ్‌లు అని నేను అంత గట్టిగా పట్టుకున్నా.

వింగ్‌కి నెట్టడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది అన్యాయమే, కానీ ఛెత్రి దాన్ని వాడుకున్నాడు. ఎడమ వైపు నుంచి లోపలికి వచ్చి కుడి కాలితో కొట్టడం అతని ఆటలో పెద్ద భాగం అయింది. జాతీయ జట్టులో భూటియా ముందుంటే, పక్కన తిరిగే రెండో స్ట్రైకర్‌గా ఆ తిరుగుడు బాగా పనికొచ్చింది. 2007లో బాబ్ హౌటన్ కోచ్‌గా ఉండగా భారత్ తొలిసారి నెహ్రూ కప్ గెలిచింది. ఫైనల్‌లో సిరియా మీద ఎన్.పి. ప్రదీప్ ఒకే ఒక్క గోల్. ఆ టోర్నీ మొదట్లో కంబోడియా మీద ఛెత్రి రెండు కొట్టాడు.

ఇక నాకు అన్నింటికంటే ఇష్టమైన ఘట్టం. 2008లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నడిపిన ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్. మన తెలుగువాళ్లలో చాలామందికి గుర్తుండదు, ఆ టోర్నీ జరిగింది హైదరాబాద్‌లో! 1950ల్లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన ఊరు, ఛెత్రి పుట్టిన ఊరి పక్క ఊరు. సెమీస్‌లో మయన్మార్ మీద 1-0, ఆ గోల్ ఛెత్రిది. ఆ తర్వాత వానలు, మైదానం పరిస్థితి చూసి ఫైనల్‌ని ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి మార్చారు. హైదరాబాద్ ఆ రాత్రిని పోగొట్టుకుంది.

2008 ఆగస్టు 13, తజికిస్తాన్ మీద ఫైనల్. గ్రూప్ దశలో ఇదే జట్టుతో 1-1 డ్రా చేశాం కాబట్టి ఎవరికీ ధీమా లేదు. మ్యాచ్ మొదలైన 25 నిమిషాల్లోపే మన జట్టు మూడు గోల్స్ కొట్టేసింది: ఛెత్రి, భూటియా, మళ్లీ ఛెత్రి. రెండో సగంలో ఛెత్రిది ఇంకొకటి, హ్యాట్రిక్. 4-1. ఆ గెలుపుతో 2011 ఆసియా కప్‌కి అర్హత. భారత్ అంతకుముందు ఆసియా కప్ ఆడింది ఎప్పుడు? 1984లో. అంటే ఆ కుర్రాడు పుట్టిన ఏడాది. అతని వయసంత కాలం మూసుకుపోయిన తలుపు అది. దాన్ని ఫైనల్‌లో మూడు గోల్స్ కొట్టి తెరిచాడు. వయసు 24. తొలి పదకొండేళ్లలో ఒకే ఒక్క మ్యాచ్ చూడాలంటే ఇదే చూడండి.

తర్వాత కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్, 14 మ్యాచ్‌లు, 9 గోల్స్. మధ్యలో ఇంగ్లండ్‌లో కోవెంట్రీ సిటీ దగ్గర ట్రయల్. 2009 ఆగస్టులో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో మూడేళ్ల ఒప్పందం కుదిరింది. ఇంగ్లండ్ రెండో అంచె లీగ్, చాంపియన్‌షిప్. క్లబ్ ఒప్పుకుంది, ఆటగాడు ఒప్పుకున్నాడు, వర్క్ పర్మిట్ రాలేదు.

ఎందుకు రాలేదంటే, అప్పటి బ్రిటన్ నిబంధన ప్రకారం ఆటగాడి దేశం ఫిఫా ర్యాంకింగ్స్‌లో రెండేళ్ల సగటున తొలి 70లో ఉండాలి, అతను తన దేశం ఆడిన పోటీ మ్యాచ్‌ల్లో 75 శాతం ఆడి ఉండాలి. భారత్ అప్పుడు 70 దరిదాపుల్లో కూడా లేదు. ఒక్కసారి ఆలోచించండి. వరసగా ఏడేళ్లు కష్టపడ్డ స్ట్రైకర్ నైపుణ్యం మీద కాదు తీర్పు, అతని పాస్‌పోర్ట్ మీద. ర్యాంకు పెరగాలంటే మంచి ఆటగాళ్లు బయట ఆడాలి, బయట ఆడాలంటే ర్యాంకు ఉండాలి. ఈ చట్రంలో ఛెత్రి ఒక్కడు ఏం చేయగలడు? నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఆ కోపం దాచుకోను.

వెనక్కొచ్చి డెంపోకి 13 మ్యాచ్‌లు, 8 గోల్స్. 2010 మార్చిలో అమెరికా, కాన్సాస్ సిటీ విజార్డ్స్ క్లబ్. అక్కడి లీగ్‌లో ఆడిన మ్యాచ్‌లు సున్నా. అక్కడి నాకౌట్ టోర్నీ ఓపెన్ కప్‌లో ఒకసారి కనిపించాడు, జులైలో మాంచెస్టర్ యునైటెడ్ మీద స్నేహపూర్వక మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, కాన్సాస్ 2-1తో గెలిచింది. 2012లో పోర్చుగల్, స్పోర్టింగ్ క్లబ్ రెండో జట్టయిన బి జట్టు: 3 మ్యాచ్‌లు, గోల్ లేదు. విదేశాల్లో విఫలమయ్యాడు అని రాసేవాళ్లు ఈ రెండు వరసలే చూపిస్తారు. అక్కడి వేగానికి, శరీర బలానికి అతను వెంటనే సరిపోయి ఉండకపోవచ్చు, ఒప్పుకుంటా. కానీ లీగ్‌లో మొత్తం మూడే మూడు మ్యాచ్‌లు చూసి స్ట్రైకర్‌కి మార్కులు వేయడం కుదరదు. బగాన్ రోజుల్లో 18 మ్యాచ్‌లు చూసి తీర్పు చెప్పినవాళ్ల తొందరపాటే ఇది కూడా.

ఈ రెండు ప్రయాణాల మధ్యలో ఏం చేశాడో కూడా చూడండి. 2011 జనవరి, దోహా, ఆసియా కప్. భూటియా గాయంతో దాదాపు టోర్నీ మొత్తం బయటే ఉన్నాడు, ముందు వరస భారం ఛెత్రి మీద పడింది. బహ్రెయిన్ మీద ఒకటి, పార్క్ జీ సుంగ్ కెప్టెన్‌గా ఉన్న దక్షిణ కొరియా మీద పెనాల్టీతో ఇంకొకటి. మూడు మ్యాచ్‌లూ ఓడాం, గట్టిగానే ఓడాం. అయినా ఆ స్థాయి జట్ల మీద కూడా అతని కాలు ఆగలేదు. అదే ఏడాది చిరాగ్ యునైటెడ్ క్లబ్‌కి లీగ్‌లో 7 మ్యాచ్‌లు, 7 గోల్స్. డిసెంబర్‌లో ఢిల్లీలో దక్షిణాసియా దేశాల శాఫ్ చాంపియన్‌షిప్, 7 గోల్స్. ఒకే శాఫ్ టోర్నీలో ఐ.ఎం. విజయన్ కొట్టిన ఆరు గోల్స్ రికార్డు అక్కడ చెరిగిపోయింది.

నాకు నచ్చని విషయం కూడా చెప్తా. 2008 తర్వాత క్లబ్‌లు మరీ వేగంగా మార్చాడు. 2002 నుంచి లెక్కేస్తే తొమ్మిది మజిలీలు, మోహన్ బగాన్‌కి రెండుసార్లు. వెనక నుంచి బంతి ఎప్పుడు వస్తుందో, ఏ వింగర్ క్రాస్ ఎక్కడ వేస్తాడో తెలిసేసరికి సంచి సర్దుకోవాల్సి వచ్చేది. జేసీటీలో దొరికిన మూడేళ్ల స్థిరత్వం ఆ అయిదేళ్లలో ఎక్కడా దొరకలేదు. కొన్ని మార్పులు అతని చేతిలో లేవు, నిజమే. కొన్ని ఉన్నాయి.

చివరి మజిలీ 2013 మొదట్లో. స్పోర్టింగ్ నుంచి లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, గోవాకి, చర్చిల్ బ్రదర్స్‌కి వచ్చాడు. 8 మ్యాచ్‌లు, 4 గోల్స్, నేషనల్ లీగ్ స్థానంలో వచ్చిన ఐ-లీగ్‌లో చర్చిల్ విజేత. ఆ ఎండాకాలం దాటాక అప్పుడే పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీకి సంతకం పెట్టాడు. ప్రతి వారం ఆడే చోటు అతనికి మళ్లీ దొరికింది అప్పుడే. ఆ కాలం మీద వేరే వీడియో చేస్తాను. ఉంటానండి.