షుగర్ పేషెంట్ల చాక్లెట్టా? డబ్బా వెనక్కి తిప్పి చూడండి!

నమస్తే అండీ, బెంగళూరు నుంచి మీ ముందుకొచ్చేశాను. ఇవాళ సూటిగా విషయంలోకి వెళ్లిపోదాం. "షుగర్ ఉన్నవాళ్లు హాయిగా తాగొచ్చు, కొలెస్ట్రాల్ కరిగిపోతుంది" అంటూ అందరి ఫోన్లలో తిరుగుతున్న ఆ కారబ్ కాయల పొడి రీల్ ఉంది చూశారూ, ఆ పొడిలో దాదాపు సగం చక్కెరే! మళ్లీ చెప్తున్నా. సగం. చక్కెర.

నాకింత మంట ఎందుకంటే, మారతహళ్లిలో ఉండే మా బాబాయికి పదకొండేళ్లుగా షుగర్. నెల్రోజుల నుంచి కాఫీ మానేసి, పాలలో రెండు పెద్ద చెంచాలు ఈ పొడి కలుపుకుని తాగుతున్నాడు. మొన్న ఆదివారం వెళ్తే "రామ్మా, నువ్వూ తాగు, అచ్చం చాక్లెట్టే" అని గ్లాసు చేతిలో పెట్టాడు. తాగాను. తియ్యగా ఉంది. "చక్కెర వేశావా బాబాయ్?" అంటే "ఒక్క పలుకు వేస్తే ఒట్టు" అన్నాడు. మరి ఆ తీపి ఎక్కణ్ణుంచి వచ్చింది? డబ్బా తిప్పాను. ముందు ఇంతేసి అక్షరాలతో "నో యాడెడ్ షుగర్". వెనక ఆవగింజంత అక్షరాల్లో, వంద గ్రాములకి షుగర్స్ 49 గ్రాములు. వాళ్లు కలపలేదు, నిజమే. కాయలోనే ఉంది కదండీ!

కారబ్ అంటే మధ్యధరా సముద్ర తీరాల్లో పెరిగే చెట్టు, కాయ చూడ్డానికి ఎండిన చింతకాయలా ఉంటుంది. వజ్రాల కొట్లో క్యారెట్ అంటారే, ఆ మాట పుట్టింది ఈ కాయలో గింజ పేరు నుంచే. అంత చరిత్ర ఉన్న కాయ. కాయ మీద నాకేం కోపం లేదు, అమ్మే తీరు మీదే.

రీల్‌లో చూపించిన జర్మనీ పరిశోధన ఉంది కదా, అది నిజమే. 2003లో వచ్చింది. కొలెస్ట్రాల్ ఎక్కువున్న 58 మందిలో సగం మందికి రోజుకి 15 గ్రాముల చొప్పున ఆరు వారాలు బ్రెడ్‌లో, ఫ్రూట్ బార్‌లో కలిపి పెట్టారు. చెడు కొలెస్ట్రాల్ పదిన్నర శాతం తగ్గింది. కానీ వాళ్లు పెట్టింది ఈ పొడి కాదు! కాయలోని తీపినంతా నీళ్లతో తీసేశాక మిగిలిన పీచు! చెరుకు పిప్పి మీద పరీక్ష చేసి, ఆ ఫలితం చూపించి చెరుకు రసం అమ్మితే ఊరుకుంటారా?

ఇంకోటి వినండి. షుగర్ ఉన్నవాళ్లు హాయిగా తాగొచ్చన్నారు కదా. 2007లో జర్మనీవాళ్లే ఆ పీచుని గ్లూకోజ్ నీళ్లతో కలిపి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇచ్చి చూశారు. రక్తంలో గ్లూకోజ్, ఇన్సులిన్ రెండూ ఇంకా పెరిగాయి! ఈ పేపర్ ఆ రీల్‌లో ఎందుకు లేదు?

ఇప్పుడు నా మాట. మనకి కారబ్ లాంటిది కావాలంటే పోపుల డబ్బాలోనే ఉంది. మెంతులు! కారబ్ గింజ నుంచి ఒక జిగురు తీస్తారు, ఐస్‌క్రీం కప్పు మీద పదార్థాల జాబితాలో 410 అనే నంబరు ఉండేది అదే. పక్కనే 412 ఉంటుంది, అది గోరుచిక్కుడు గింజ జిగురు. మెంతుల జిగురుదీ ఇదే కుటుంబం. రాత్రి నానబెట్టిన మెంతుల్ని పొద్దున వేళ్లతో నలపండి, జారుడుగా తగులుతుంది చూడండి, అదే. కడుపులో కూడా అలాగే ఉబ్బి, చక్కెర రక్తంలోకి దూసుకెళ్లకుండా నెమ్మది చేస్తుంది. 1990లో మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం) ఉన్నవాళ్లకి పది రోజులపాటు రోజుకి 100 గ్రాముల నూనె తీసిన మెంతిపొడి, మధ్యాహ్నం సగం, రాత్రి సగం ఇచ్చింది. పరగడుపు షుగరూ తగ్గింది, చెడు కొలెస్ట్రాలూ తగ్గింది. దీని మీద రీల్ ఎవరూ చెయ్యరు. ఎందుకంటారా? మెంతులకి ఇంగ్లీషు పేరు పెట్టి పావుకిలో నాలుగొందలకి అమ్మలేరు కాబట్టి!

అలాగని మాత్రలు మానేసి మెంతులు మింగకండి. మాత్రలతో పాటు ఎక్కువ తింటే షుగర్ మరీ పడిపోవచ్చు. డాక్టర్‌కి చెప్పే చెయ్యండి.

బాబాయి డబ్బా లాక్కొచ్చేశాను, ఇదిగో, ఇదే. మీ ఇంట్లో కూడా ఉంటే ఇప్పుడే లేచి వెనక్కి తిప్పండి. షుగర్స్‌కి ఎదురుగా ఎంత ఉందో, ఆ అంకె ఒక్కటి కామెంట్‌లో పెట్టండి.