గడ్డి తగ్గితే పళ్లు పెరుగుతాయి

సభకు నమస్కారం. కుందేళ్లను, గినీ పిగ్‌లను, హామ్‌స్టర్లను ఇంట్లో పెంచుకుంటున్న మీ ముందు, వాటికి వైద్యం చేసే పశువైద్యుడిగా ఈరోజు పళ్ల గురించి మాత్రమే మాట్లాడతాను. తిండి మానేసిందంటూ నా దగ్గరికి తెచ్చే కుందేళ్లలో చాలావాటికి జబ్బు మొదలైంది కడుపులో కాదు, నోట్లో.

కిందటి వానాకాలంలో ఒక కుటుంబం నాలుగేళ్ల తెల్ల కుందేలును అట్టపెట్టెలో తీసుకొచ్చింది. "మూడు రోజులుగా అలిగిందండీ. గిన్నె దగ్గరికి పరుగెత్తుకొస్తుంది, క్యారెట్ ముక్క నోట కరుచుకుంటుంది, మళ్లీ వదిలేసి మూలకు పోతుంది" అని ఆ ఇంటి పెద్దావిడ చెప్పారు. అలిగిన జంతువు గిన్నె వైపే రాదు. ఆకలి ఉండీ నమలలేనిదే అలా వచ్చి వెనక్కి పోతుంది. దాని గడ్డం కింద బొచ్చు తడిసి అట్టకట్టింది. కారిన చొంగను తుడుచుకుని తుడుచుకుని ముందుకాళ్ల లోపలివైపు వెంట్రుకలు ఉండలు కట్టాయి. ముందుపళ్లు మాత్రం చక్కగానే కనిపించాయి. మత్తు ఇచ్చి నోరు తెరిచి చూస్తే, కింది దవడలో ఎడమవైపు పన్ను ఒకటి నాలుక మీదికి సూదిమొనలా పెరిగి, నాలుక అంచున బియ్యపుగింజంత పుండు చేసి ఉంది.

ఇంటర్‌లో జంతుశాస్త్రం చదివినవారికి కుందేలు దంతసూత్రం గుర్తుండవచ్చు, అంటే దవడలో ఒక పక్కన కుంతకాలు (ముందుపళ్లు), కోరపళ్లు, ముందు దవడపళ్లు, వెనక దవడపళ్లు ఎన్నెన్నో వరుసగా చెప్పే అంకెలు: పైన 2033, కింద 1023, రెండు పక్కలా కలిపి మొత్తం 28 పళ్లు. పైన కనిపించే రెండు పెద్ద కుంతకాల వెనక మరో రెండు బుల్లి పళ్లు దాక్కుని ఉంటాయి. కుందేలును ఎలుకల వర్గంలో చేర్చకపోవడానికి ఉన్న కారణాల్లో ఈ రెండో జత ఒకటి. 1912లో గిడ్లీ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్లను ప్రత్యేక క్రమంగా గుర్తించాలని వాదించేవరకు రెండూ ఒకే గూటి పక్షులుగానే లెక్క. సూత్రం బట్టీపట్టిన రోజుల్లో మనకు ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఇంకొకటి ఉంది: ఆ 28 పళ్లూ కుందేలు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్లయితే వారానికి సుమారు 2 మి.మీ. పెరుగుతాయి.

పెరుగుదలకు సరిపడా అరుగుదల ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. వరి ఆకు అంచు చేతికి గరగరమని తగలడానికి కారణమైన సిలికాయే గడ్డి జాతులన్నిటిలోనూ ఉంటుంది. గడ్డిపోచను నమిలేటప్పుడు కుందేలు కింది దవడను పక్కకు తిప్పుతూ తిరగలి ఆడించినట్టు గంటల తరబడి నూరుతుంది, ఆ నూరుడులో పళ్లు సమంగా అరుగుతాయి. పెల్లెట్లను, క్యారెట్‌ను తినడానికి అంత పని ఉండదు. దవడ పైకీ కిందికీ నొక్కుకుంటే చాలు, కడుపు త్వరగా నిండుతుంది. అరగని అంచులు పై దవడలో బుగ్గ వైపుకు, కింది దవడలో నాలుక వైపుకు మొనదేలుతాయి. ఆ తర్వాత పళ్ల వేళ్లు కూడా ఎముకలోకి వెనక్కి నెట్టుకుపోతాయి. పై పళ్ల వేళ్లు కన్నీటి నాళాన్ని నొక్కడం వల్ల కన్ను అదేపనిగా చెమరుస్తుంది. కంటి చుక్కలు మార్చి మార్చి వేసి అలసిపోయి వచ్చేవారిని నేను తరచూ చూస్తుంటాను. కింది దవడ అంచున చేతికి తగిలే గట్టి బొడిపెలు ఆ పళ్ల వేళ్లే. అక్కడ చీము పట్టిందంటే, కుందేలు చీము టూత్‌పేస్టులా చిక్కగా ఉంటుంది కాబట్టి గాటు పెడితే కారిపోదు. గడ్డను పొరతో సహా, చాలాసార్లు పన్నుతో సహా తీయవలసి వస్తుంది.

గినీ పిగ్‌కు 20 పళ్లు, అన్నీ పెరిగేవే. దాని కింది దవడ పళ్లు లోపలికి ఒరిగి నాలుక మీద వంతెన కట్టినట్టు కలుసుకుంటే, పాపం, ముద్ద మింగడం కూడా దానికి సాధ్యం కాదు. పైగా మనలాగే అది విటమిన్ సి తయారు చేసుకోలేదు. ఆ లోటు వల్ల పళ్లను పట్టి ఉంచే కణజాలం వదులవుతుంది. రోజూ కాస్త కొత్తిమీర, క్యాప్సికం ముక్కలు పెట్టండి. హామ్‌స్టర్లకు, ఎలుకలకు 16 పళ్లలో ముందున్న నాలుగే పెరుగుతాయి. అవి పసుపు, నారింజ రంగులో ఉండటం గార కాదు, పింగాణీ పొరలోని ఇనుము వల్ల వచ్చిన సహజమైన రంగు. దయచేసి తోమకండి.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొత్తగా వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో, ముందుపళ్లు వంకరగా పెరిగిన ఒక మరుగుజ్జు జాతి కుందేలుకు గోళ్లు తీసే కత్తెరతోనే పళ్లు కత్తిరించాను. పన్ను నిలువునా చీలింది, రెండు నెలల తర్వాత అక్కడే గడ్డ లేచింది. ఇప్పుడు వేగంగా తిరిగే డ్రిల్లుతో మాత్రమే అరగదీస్తాను. పుట్టుకతోనే దవడ పొందిక తప్పినవాటికి ముందున్న ఆరు పళ్లనూ తీసేయడమే మేలు. సన్నగా తరిగి పెడితే పెదవులతో అందుకుని హాయిగా తింటాయి. అలాంటివాటిని పిల్లల కోసం జతకట్టించకండి.

సగం రోజు ఏమీ తినని కుందేలును, పెంటికలు చిన్నవైన కుందేలును మరునాటి దాకా ఆపకండి. పేగుల కదలిక నిలిచిపోతే ప్రాణం మీదికి వస్తుంది. కుందేలుకు వాంతి కాదు కనుక, మత్తుకు ముందు పస్తు ఉంచవలసిన పని కూడా లేదు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ మాత్రం నోట్లో పోయకండి. పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి, కుందేలునూ గినీ పిగ్‌నూ కూడా చంపగలదు.

మేత విషయంలో, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, కుందేలు తిండి క్యారెట్టే అని పట్టుబట్టేవారితో నేను వాదన మానేశాను. వారానికి రెండు ముక్కలకు ఒప్పించి వదిలేస్తాను. కుందేలు పరిమాణమంత గడ్డి కుప్ప రోజూ ముందు ఉండాలి. దిగుమతి చేసుకున్న టిమోతి గడ్డి కొనలేకపోతే గరిక, గినీ గడ్డి శుభ్రంగా ఎండబెట్టి పెట్టవచ్చు, కానీ పురుగుమందు కొట్టిన గట్ల మీద కోయకండి. లూసర్న్ మేతలో కాల్షియం ఎక్కువ, అది కుందేలు పిల్లలకే. లేత జొన్న జోలికి వెళ్లకండి, అందులో విషం ఉంటుంది. జొన్న నాము తిన్న పశువు ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు.

ఆ తెల్ల కుందేలు మొన అరగదీసిన మరునాడు గరిక అందుకుంది. అయినా ఒకసారి వరుస తప్పిన పళ్లు పూర్తిగా పాత తీరుకు రావు, అందుకే మూడు నెలలకొకసారి అట్టపెట్టెలో మళ్లీ వస్తోంది. ఆ పెద్దావిడ ఇప్పుడు ప్రతి ఆదివారం దాన్ని వంటింటి త్రాసు మీద కూర్చోబెట్టి గోడ క్యాలెండర్ మీద బరువు రాస్తున్నారు. రెండు కిలోల కుందేలు 100 గ్రాములు తగ్గిందంటే నూటికి ఐదు వంతులు పోయినట్టే, ఆ తేడా చేతికి తెలియదు, త్రాసుకే తెలుస్తుంది.

బయట వరండాలో బల్ల మీద త్రాసు పెట్టించాను, పక్కనే మూడు రకాల ఎండుగడ్డి ఉంది. మీ కుందేళ్లను తెచ్చినవారు ముందు తూకం వేయించండి. నోరు చూడటానికి ఒక్కొక్కరినీ పిలుస్తాను.