ఎల్.సి. మీద తగాదా వస్తే ఏ దేశపు చట్టం?

(అనంతపురంలో ఎగుమతి వ్యాపారుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో తాడిపత్రి బండల వ్యాపారులున్నారు, పుట్లూరు, నార్పల వైపు నుంచి అరటి పంపేవాళ్లున్నారు. సరుకు ఏదైనా నన్ను అడిగేది ఒకటే: "సార్, బయ్యర్‌తో అగ్రిమెంట్‌లో ఇండియా చట్టమే అని రాయించుకున్నాం. ఇంక ఎల్.సి. గురించి టెన్షన్ ఎందుకు?"

ఎల్.సి. అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, డాక్యుమెంట్లు సరిగ్గా ఇస్తే డబ్బు కడతానని బయ్యర్ తరఫున బ్యాంకు మీకిచ్చే హామీ. ఆ అగ్రిమెంట్ మీకూ బయ్యర్‌కూ మధ్య. ఎల్.సి. మీకూ బ్యాంకుకూ మధ్య. రెండూ వేర్వేరు లావాదేవీలని ఎల్.సి.ల విషయంలో బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమాల్లో నాలుగో ఆర్టికల్ చెబుతుంది. దాంట్లో రాసుకున్న చట్టం దీంట్లోకి దానంతటదే రాదు.

మరి యూసీపీ ఉంది కదా అంటారు. అవి ప్యారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి రాసిన నియమాలు, 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. డాక్యుమెంట్లు చూడటానికి బ్యాంకుకు ఎన్ని రోజులు, తిప్పి పంపాలంటే ఎలా చెప్పాలి, అన్నీ రాశారు. ఏ దేశపు చట్టం అన్నది రాయలేదు. బయ్యర్ మోసమని కేసేస్తే కోర్టు డబ్బు ఆపొచ్చా అన్నదీ రాయలేదు. కొట్లాటేమో అక్కడే వస్తుంది!

1981లో లండన్ అప్పీలు కోర్టుకు పవర్ కర్బర్ కేసు వచ్చింది. అమెరికాలోని నార్త్ కరోలినా కంపెనీ కువైట్‌కు యంత్రాలు అమ్మింది. ఎల్.సి. ఇచ్చింది నేషనల్ బ్యాంక్ ఆఫ్ కువైట్. యంత్రాలు చేరాక బయ్యర్ తనకే బాకీ ఉందంటూ కువైట్ కోర్టుకెళ్లి, ఆ డబ్బును జప్తు చేయించాడు. బ్యాంకు కడతానంటోంది, వాళ్ల కోర్టు కట్టొద్దంటోంది. ఆ బ్యాంకుకు లండన్‌లోనూ ఆఫీసుంది కాబట్టి అమ్మినవాళ్లు అక్కడ దావా వేశారు. లార్డ్ డెన్నింగ్ ఉన్న బెంచి ఏమందంటే, డబ్బు చెల్లించాల్సిన చోటు నార్త్ కరోలినా, కాబట్టి వర్తించేది అక్కడి చట్టం, కువైట్ ఆర్డర్ అడ్డు కాదు, కట్టాల్సిందే.

విచిత్రం ఏమిటంటే, అమెరికాలోనే 1995లో సవరించిన యూసీసీ, అంటే వాళ్ల యూనిఫాం కమర్షియల్ కోడ్ అనే వాణిజ్య చట్టం, ఐదో ఆర్టికల్‌లో మరో దారి పట్టింది. ఎల్.సి.లో చట్టం పేరు రాయకపోతే, బాధ్యత ఏ బ్యాంకుదో ఆ బ్యాంకు ఉన్న చోటి చట్టం. ఆ లెక్కన పవర్ కర్బర్ తగాదాకు కువైట్ చట్టమే వచ్చేది. అందుకే ఏ చట్టం అన్న ప్రశ్నకు ముందు ఏ కోర్టు అన్న ప్రశ్న ఉంటుంది. ఇది లాయర్లకు తప్ప ఎవరికీ సంతోషం కలిగించని విషయం.

1994 నాటి కేసులో రెండూ మన బ్యాంకులే. వైశ్యా బ్యాంకు ఇండియాలో ఎల్.సి. ఇచ్చింది, బ్యాంక్ ఆఫ్ బరోడా లండన్ ఆఫీసు దానికి కన్ఫర్మేషన్ ఇచ్చింది, అంటే తానూ సొంతంగా డబ్బు కడతానని మాటిచ్చింది. వాటి మధ్య తగాదాకు ఇంగ్లండ్ చట్టమే వర్తిస్తుందని లండన్ కోర్టు తేల్చింది. కన్ఫర్మ్ చేసి డబ్బు కట్టే పని అక్కడే కదా.

మన దగ్గర ఎల్.సి.లకు ప్రత్యేక చట్టం లేదు. కాంట్రాక్టుకు ఏ చట్టమో తేల్చే పద్ధతిని 1992లో ఎన్‌టీపీసీ, సింగర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: రాసుకుంటే అదే, లేకపోతే పరిస్థితులను బట్టి వాళ్ల ఉద్దేశం, అదీ తెలియకపోతే ఎక్కువ సంబంధం ఉన్న దేశం.

కాబట్టి కంటైనర్ ఎక్కించకముందే మీ బ్యాంకును ఎంటీ 700 మెసేజ్, అంటే ఎల్.సి. షరతులతో బ్యాంకు పంపే మెసేజ్, కాపీ అడగండి. 31డి గడిలో ఎల్.సి. గడువు ఏ ఊళ్లో ముగుస్తుందో చూడండి. 41ఏలో ఏ బ్యాంకు దగ్గర డబ్బు వస్తుందో ఉంటుంది. అక్కడ ఎల్.సి. ఇచ్చిన విదేశీ బ్యాంకు పేరే ఉంటే, డాక్యుమెంట్లూ అక్కడికే, తగాదా కూడా దాదాపు అక్కడికే. 49వ గడి కన్ఫర్మేషన్‌ది. మన దేశంలోని బ్యాంకు కన్ఫర్మ్ చేసి, ఇక్కడే చెల్లిస్తానంటే, ఆ బ్యాంకు సొంతంగా మీకు బాకీ పడుతుంది. దానిమీద ఇక్కడే కేసు వేసుకోవచ్చు, మన చట్టమే వర్తిస్తుందని గట్టిగా వాదించొచ్చు. చార్జీ పడుతుంది, నిజమే. బయ్యర్ బ్యాంకు పేరు మీరెప్పుడూ వినకపోతే మాత్రం ఆ చార్జీ దగ్గర బేరాలాడొద్దు.

కాపీలు తెచ్చినవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.